లింగ పరివర్తన హార్మోను చికిత్స

లింగ పరివర్తన హార్మోను చికిత్స అనగా పుట్టినపుడు నమోదైన లింగానికి, వ్యక్తి తనదిగా గుర్తించుకొన్న లింగానికి పొంతన లేనప్పుడు, శరీర లక్షణాలను ఆ రెండవదానికి దగ్గరగా తెచ్చేందుకు వైద్యుని పర్యవేక్షణలో హార్మోనులను ఇచ్చే చికిత్స. ట్రాన్స్ మహిళలకు ఈస్ట్రోజన్ మరియు పురుష హార్మోనును అణచే మందులు, ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టిరోన్ ఇందులో ముఖ్యమైనవి. ఇది శస్త్రచికిత్స కాదు. హార్మోనులు వాడేవారందరూ శస్త్రచికిత్స చేయించుకొనరు. శస్త్రచికిత్స జరిగినవారందరూ హార్మోనులు వాడినవారూ కారు. మార్పులు నెలలతో మొదలై సంవత్సరాలపాటు సాగుతాయి. చికిత్స సాధారణంగా దీర్ఘకాలం, చాలామందికి జీవితాంతం కొనసాగుతుంది.

అందువలన ఈ చికిత్సలో మందు ఎంత ముఖ్యమో, మధ్యమధ్య చేయించవలసిన రక్తపరీక్షలు అంత ముఖ్యం. మందు చిన్న పట్టణంలోనూ దొరుకుతుంది. పరీక్షల ఫలితాన్ని చదివి మోతాదును సరిదిద్దే అంతఃస్రావ గ్రంథుల నిపుణుడు దొరకడం కష్టం. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు వంటి ప్రాంతాలలో ఈ చికిత్సకు సంబంధించిన చిక్కులు ఎక్కువగా ఈ తేడానుండి పుట్టినవే.

హార్మోనులు - శరీరం

వృషణాలు, అండాశయాలు రెండూ హార్మోనులను తయారుచేసి నేరుగా రక్తంలోకి విడుదల చేస్తాయి. వృషణాలనుండి ముఖ్యంగా టెస్టోస్టిరోన్, అండాశయాలనుండి ఈస్ట్రడియోల్, ప్రొజెస్టిరోన్ వస్తాయి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి వీటికి ఆజ్ఞలు ఇస్తుంది. రక్తంలో హార్మోను సరిపడినంత ఉన్నదని మెదడు గుర్తించినపుడు ఆజ్ఞలు తగ్గిపోతాయి. బయటినుండి హార్మోను ఇచ్చినపుడు శరీరం సొంత ఉత్పత్తిని తగ్గించుకోవడానికి కారణం ఇదే.

స్త్రీలలో కొంత టెస్టోస్టిరోన్, పురుషులలో కొంత ఈస్ట్రోజన్ సహజంగానే ఉంటాయి. ఈ హార్మోనులకు స్పందించే గ్రాహకాలు చర్మం, ఎముక, కండరం, కొవ్వు, రొమ్ము కణజాలం, వెంట్రుకల కుదుళ్ళలో అందరికీ ఉన్నాయి. కాబట్టి శరీరానికి కొత్త అవయవాన్ని ఎవరూ చేర్చనక్కరలేదు. ఉన్న కణజాలమే కొత్త ఆజ్ఞకు స్పందిస్తుంది. ట్రాన్స్ మహిళలో పెరిగే రొమ్ము, ఇతర స్త్రీలలో పెరిగే రొమ్మువంటి కణజాలమే.

బీజాలకు, శరీర లక్షణాలకు ఉన్న సంబంధం రైతులకు తరతరాలుగా తెలిసినదే. బీజాలు తీసిన ఎద్దుకు, ఆంబోతుకు మధ్య మూపురంలో, మెడ బలంలో, కోపంలో ఉండే తేడాను పశువుల సంతలో ఎవరైనా చెప్పగలరు. దీనికి ప్రయోగపూర్వకమైన ఆధారం 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో లభించింది. ఆర్నోల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త పుంజుపిల్లల బీజాలు తొలగించి, వాటిలో కొన్నింటి పొట్టలో తిరిగి బీజాన్ని నాటాడు. నాటిన వాటికి తురాయి, కూత, పోట్లాడే గుణం మామూలుగా వచ్చాయి. నరాల సంబంధం తెగిపోయినా పనిచేసినదంటే, ఆ ప్రభావం రక్తం ద్వారా అందుతున్నదని తేలింది. 1929లో ఈస్ట్రోన్, 1935లో టెస్టోస్టిరోన్ శుద్ధరూపంలో లభించాయి. లింగ హార్మోనులపై చేసిన కృషికి అడాల్ఫ్ బుటెనాంట్‌కు 1939లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించబడినది.

లింగ పరివర్తన కోసం టెస్టోస్టిరోన్ వాడిన తొలివారిలో బ్రిటిషు వైద్యుడు మైఖేల్ డిల్లన్ ఒకడు. అతడు 1930ల చివరలో చికిత్స మొదలుపెట్టాడు. తరువాత బౌద్ధాన్ని స్వీకరించి భారతదేశానికి వచ్చి, 1962లో హిమాచల్ ప్రాంతంలోని డల్హౌసీలో మరణించాడు. అమెరికాకు చెందిన క్రిస్టీన్ జోర్గెన్సన్ 1952లో డెన్మార్కులో పొందిన చికిత్స పత్రికల ద్వారా ప్రపంచమంతటికీ తెలిసింది. వైద్యులు అనుసరించవలసిన ప్రమాణాలు మొదటిసారి 1979లో వెలువడినవి. వాటి 8వ కూర్పు 2022లో వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరినుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో, లింగపు పొంతనలేమిని మానసిక వ్యాధుల జాబితానుండి తొలగించి లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చింది. భారతీయ వైద్యుల సంఘం ఒకటి 2020లో ఈ దేశపు పరిస్థితులకు తగిన ప్రమాణాలను ప్రచురించింది.

స్త్రీత్వ లక్షణాలకు చికిత్స

ఈ చికిత్సలో రెండు పనులు జరగాలి. ఒకటి టెస్టోస్టిరోన్‌ను తగ్గించడం, రెండవది ఈస్ట్రోజన్‌ను అందించడం. ఈస్ట్రోజన్‌గా వైద్యులు ఈస్ట్రడియోల్‌ను ఎంచుకొంటారు. ఇది మాత్రలుగా, చర్మానికి రాసుకొనే జెల్‌గా, అతికించుకొనే పట్టీగా, ఇంజెక్షనుగా వాడబడుతున్నది. టెస్టోస్టిరోన్‌ను అణచడానికి భారతదేశంలో స్పైరనోలాక్టోన్, సైప్రోటెరోన్ అసిటేట్ అనే మందులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. పీయూష గ్రంథి ఆజ్ఞలనే ఆపే ఇంజెక్షనులు కూడా కలవు గాని వాటి ఖరీదు ఎక్కువ. రక్తంలో టెస్టోస్టిరోన్ డెసిలీటరుకు 50 నానోగ్రాములకంటె తక్కువగా, ఈస్ట్రడియోల్ మిల్లీలీటరుకు 100 - 200 పికోగ్రాముల మధ్య ఉండడం సాధారణ లక్ష్యం. ఎంత మందుతో ఈ లక్ష్యం చేరుతుందన్నది వ్యక్తినిబట్టి మారుతుంది. ఒకరి చీటీ మరొకరికి పనికిరాదు.

మొదటి ఒకటి నుండి మూడు నెలలలో లైంగిక వాంఛ, తెల్లవారుజామున కలిగే అంగస్తంభన తగ్గుతాయి. మూడు నుండి ఆరు నెలలలో చర్మం జిడ్డు తగ్గి మెత్తబడుతుంది. చనుమొన వెనుక చిన్న గట్టి బిళ్ళ వంటిది ఏర్పడి, తాకితే నొప్పి పుడుతుంది. రొమ్ము పెరుగుదలకు ఇది మొదటి గుర్తు. దీనిని గడ్డ అనుకొని భయపడేవారున్నారు. పెరుగుదల పూర్తి కావడానికి రెండు, మూడు సంవత్సరాలు పడుతుంది. చివరి పరిమాణం వంశపారంపర్యంగా వచ్చిన లక్షణాలపై ఎక్కువగా ఆధారపడుతుంది. మోతాదు రెట్టింపు చేసినందువలన రొమ్ము రెట్టింపు పెరగదు. ఇదే కాలంలో తుంటి, తొడల వద్ద కొవ్వు చేరుతుంది, కండ బలం తగ్గుతుంది. మూటలు మోసే పని, పొలం పని చేసేవారికి ఈ బలం తగ్గుదల మొదటి సంవత్సరంలోనే తెలుస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి. ఒంటిమీది వెంట్రుకలు పలచబడి నెమ్మదిగా పెరుగుతాయి.

హార్మోనులు చేయలేని పనులు కూడా ఉన్నాయి. యౌవనంలో ఒకసారి బొంగురుపోయిన గొంతు ఈస్ట్రోజన్‌తో సన్నబడదు. దానికి గొంతు సాధన అవసరం. కంఠమణి తగ్గదు. ఎత్తు, భుజాల ఎముకల వెడల్పు మారవు. గడ్డం వెంట్రుకలు మెత్తబడినా పూర్తిగా పోవు, వాటిని లేజరు లేక విద్యుత్తు పద్ధతులతో తీయించుకోవలసి ఉంటుంది. మందు మానివేస్తే చాలా మార్పులు వెనుకకు పోతాయి గాని, పెరిగిన రొమ్ము మాత్రం నిలిచిపోతుంది.

నిర్వాణం తరువాత

హిజ్రా సముదాయంలో వృషణాలను, పురుషాంగాన్ని తొలగించడాన్ని నిర్వాణం అంటారు. వృషణాలు తొలగిన తరువాత టెస్టోస్టిరోన్ బాగా పడిపోతుంది, కాబట్టి దానిని అణచే మందు అవసరం ఉండదు. అయితే ఈస్ట్రోజన్ దానంతటదే రాదు. నిర్వాణంతో రొమ్ము పెరుగుతుందన్న నమ్మకం సరికాదు. అంతకంటె ముఖ్యమైన విషయం, శరీరంలో ఈ రెండు హార్మోనులూ లేని స్థితి ఏళ్ళ తరబడి కొనసాగితే ఎముకలు గుల్లబారతాయి. నలభై, యాభై యేళ్ళ వయసులో చిన్న దెబ్బకే తుంటి, వెన్నుపూస విరగవచ్చు. ముట్లుడిగిన స్త్రీలలో కనిపించే ఇబ్బందే వీరికి చిన్న వయసునుండే మొదలవుతుంది. అందుచేత పూర్వం ఎప్పుడో నిర్వాణం జరిగి హార్మోనులు వాడని పెద్ద వయసువారు కూడా వైద్యుని ఒకసారి కలిసి ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోవడం మంచిది. వారికి ఈ చికిత్స అందం కోసం కాదు, ఎముకల కోసం.

పురుషత్వ లక్షణాలకు చికిత్స

ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టిరోన్ ఒక్కటే సాధారణంగా సరిపోతుంది. దీనిని ఇంజెక్షనుగా వారానికో, రెండు వారాలకో, కొన్ని రకాలైతే సుమారు మూడు నెలలకో ఇస్తారు. జెల్ రూపంలో కూడా దొరుకుతుంది. జెల్ రాసుకొన్న చోటు ఆరకముందు చిన్నపిల్లలు తాకితే మందు వారి శరీరంలోకి చేరే ప్రమాదం ఉన్నది.

మొదటి ఆరు నెలలలో బహిష్టు ఆగిపోతుంది, చర్మం జిడ్డుబారి మొటిమలు వస్తాయి, యోనిశీర్షం పెరుగుతుంది. ఆరు నుండి పన్నెండు నెలల మధ్య గొంతు బొంగురుపోవడం, మీసం గడ్డం మొలవడం, కండ పెరగడం కనిపిస్తాయి. నిండైన గడ్డానికి నాలుగైదు సంవత్సరాలు పట్టవచ్చు. తండ్రి, మేనమామల వైపు బట్టతల ఉన్నవారికి ముందు జుట్టు పలచబడవచ్చు. మందు ఆపితే బహిష్టు తిరిగి వస్తుంది, కండ తగ్గుతుంది. గొంతు, గడ్డం, యోనిశీర్షపు పెరుగుదల శాశ్వతం. రొమ్ములు టెస్టోస్టిరోన్‌తో పోవు. వాటిని బిగించి కట్టుకొనేవారు రాత్రి నిద్రలో విప్పివేయాలి. ఊపిరి ఆడనంత గట్టిగా కట్టకూడదు. వేసవిలో ఆ కట్టు కింద చెమటపొక్కులు, తామర రావడం సాధారణం.

తెలుగు పత్రికలలో ట్రాన్స్ మహిళల గురించి వ్రాసినంతగా ట్రాన్స్ పురుషుల గురించి వ్రాయరు. హిజ్రా సముదాయం వంటి ఆశ్రయం కూడా వీరికి లేదు. అనేకులు పుట్టినింటిలోనే ఉండిపోతారు. గొంతు మారడం దాచలేని మార్పు కాబట్టి, చికిత్స మొదలుపెట్టిన కొద్ది నెలలకే ఇంట్లో, పనిచేసే చోట ఈ సంగతి బయటపడుతుంది. దీనికి ముందుగానే సిద్ధపడవలసి ఉంటుంది.

సంతానం

హార్మోనులు మొదలుపెట్టక ముందే సంతానం గురించి నిర్ణయించుకోవాలి. ఈస్ట్రోజన్, స్పైరనోలాక్టోన్ వంటి మందులతో వీర్యకణాల ఉత్పత్తి తగ్గి ఆగిపోవచ్చు. మందు మానినా తిరిగి వస్తుందన్న హామీ లేదు. వీర్యాన్ని గడ్డకట్టించి భద్రపరచే సదుపాయం పెద్ద నగరాల సంతాన సాఫల్య కేంద్రాలలో కలదు. టెస్టోస్టిరోన్ వాడే ట్రాన్స్ పురుషులలో బహిష్టు ఆగినా గర్భం రాదని అనుకోకూడదు. టెస్టోస్టిరోన్ గర్భనిరోధక మందు కాదు. గర్భం వస్తే అది పెరిగే శిశువుకు హాని చేస్తుంది.

ప్రమాదాలు, పరీక్షలు

ఈస్ట్రోజన్ వలన కలిగే ప్రమాదాలలో ముఖ్యమైనది కాలి సిరలలో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, వాడుతున్న మందు పేరు దాచకుండా చెప్పాలి. బీడీ, సిగరెట్టు తాగేవారికి, స్థూలకాయులకు, వయసు పైబడినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. చర్మంద్వారా ఇచ్చే ఈస్ట్రడియోల్‌తో తక్కువ.

గర్భనిరోధక మాత్రల సంగతి ఇక్కడ విడిగా చెప్పవలసి ఉన్నది. చీటీ లేకుండా ఎక్కడైనా దొరికే మాలా-డి, ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రలను కొందరు ట్రాన్స్ మహిళలు రోజుకు మూడు, నాలుగు చొప్పున వాడుతుంటారు. వీటిలో ఒక్కొక్క మాత్రలో 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడియోల్, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటాయి. ఇథినైల్ ఈస్ట్రడియోల్ సహజమైన ఈస్ట్రడియోల్ కాదు. కాలేయంలో త్వరగా విచ్ఛిన్నం కాకుండా నిలిచి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. మాత్రల సంఖ్య పెంచినకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. లింగ పరివర్తన చికిత్సలో ఇథినైల్ ఈస్ట్రడియోల్ వాడవద్దని వైద్య ప్రమాణాలు స్పష్టం చేశాయి. ఇక రెండవదైన లెవోనార్జెస్ట్రెల్‌కు స్వల్పంగా పురుష హార్మోను గుణమే ఉన్నది. అంటే కోరిన ఫలితానికి అడ్డుపడే పదార్థాన్ని, ప్రాణానికి ముప్పు తెచ్చే పదార్థంతో కలిపి మింగడమే అవుతుంది.

స్పైరనోలాక్టోన్ మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది, రక్తపోటును తగ్గిస్తుంది, రక్తంలో పొటాషియంను పెంచుతుంది. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దీనిని వాడరాదు. సైప్రోటెరోన్ కాలేయానికి హాని చేయవచ్చు. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడినవారిలో మెదడు పొరలలో కంతులు కనిపించినందున ఐరోపా ఔషధ సంస్థ 2020లో దాని వాడకంపై పరిమితులు విధించింది. టెస్టోస్టిరోన్ విషయానికి వస్తే, ఎర్ర రక్తకణాలు అతిగా పెరిగి రక్తం చిక్కబడటం ముఖ్యమైన ప్రమాదం. కొలెస్టరాల్ పెరగవచ్చు.

మొదటి సంవత్సరం మూడు నెలలకొకసారి, తరువాత సంవత్సరానికి ఒకటి రెండుసార్లు హార్మోనుల స్థాయి, రక్తపోటు, పొటాషియం, కాలేయ, మూత్రపిండాల పరీక్షలు, హీమోగ్లోబిన్, చక్కెర, కొలెస్టరాల్ చూస్తారు. పరీక్ష చీటీపై పురుషులు, స్త్రీలు అని ముద్రించే సాధారణ హద్దులు హార్మోను వాడేవారికి నేరుగా సరిపోవు. టెస్టోస్టిరోన్ వాడే వ్యక్తి హీమోగ్లోబిన్‌ను స్త్రీల హద్దుతో పోల్చితే లేని జబ్బు ఉన్నట్లు కనిపిస్తుంది. పరీక్షశాల వారికి ముందుగా చెప్పడం అవసరం.

హెచ్.ఐ.వి.కి ఏ.ఆర్.టి. మందులు వాడేవారిలో కొందరు, అవి హార్మోనుల పనిని చెడగొడతాయన్న భయంతో ఏ.ఆర్.టి. మానివేస్తారు. ఇది చాలా ప్రమాదకరం. డోలుటెగ్రవిర్ ఆధారిత మందులకు, ఈస్ట్రడియోల్‌కు మధ్య చెప్పుకోదగిన విరోధం లేదు. రెండూ కలిపి వాడవచ్చు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో

ఆదోని పత్తి, వస్త్ర, బంగారు వ్యాపారాలకు పేరుపొందిన పట్టణం. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం వలన దేశమంతటా పేరు వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ కారణంచేత ఇక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వాడుకలో ఉన్నాయి. లింగ వైవిధ్యానికి సంబంధించిన మాటలూ ఈ మూడు దారులనుండి వచ్చాయి. హిజ్రా అన్నది ఉర్దూ వాడుక. కర్ణాటకలోని సౌదత్తి ఎల్లమ్మ, హులిగి హులిగెమ్మల భక్తులైన జోగప్పలు సరిహద్దు తెలుగు ప్రాంతాలలో కూడా కనిపిస్తారు. పురుషుడిగా పుట్టి, దేవత ఆవహించినదని చీర కట్టే జోగప్పల సంప్రదాయంలో శరీరాన్ని మార్చుకోవడం ఆచారంలో భాగం కాదు. హిజ్రా సముదాయంలో నిర్వాణానికి ఉన్న గౌరవం అక్కడ లేదు. అయినా నేటి యువ జోగప్పలలో హార్మోనుల పట్ల ఆసక్తి లేదని చెప్పలేము. వైద్యుడు ఏ సంప్రదాయానికి చెందినవారని కాక, ఏ మార్పు కోరుతున్నారని అడగడమే సరియైన పద్ధతి.

ఆదోని మండలంలోని సంతేకూడ్లూరు గ్రామంలో హోలీ పండుగకు పురుషులు చీరలు కట్టి, నగలు పెట్టుకొని రతీమన్మథులను పూజించే ఆచారం ఉన్నది. ప్రతి సంవత్సరం పత్రికలలో దీని ఛాయాచిత్రాలు వస్తాయి. ఇది మొక్కు. పండుగ ముగిసిన తరువాత వారు తమ పంచెలు, ప్యాంట్లు ధరించి పొలానికి వెళతారు. దీనిని లింగ పరివర్తనతో కలిపి చూడడం పొరపాటు. అయితే చీర కట్టిన మగవానికి ఒక రోజు హారతి ఇచ్చే ఊళ్ళోనే, సంవత్సరమంతా చీర కట్టదలచిన మనిషికి అద్దె ఇల్లు దొరకదన్న సంగతిని గమనించవలసి ఉన్నది.

వైద్య సదుపాయాల విషయానికి వస్తే, ఆదోనిలో ప్రాంతీయ ఆసుపత్రి ఉన్నది. బోధనాసుపత్రి జిల్లా కేంద్రమైన కర్నూలులో ఉన్నది. కర్నూలు వైద్య కళాశాల 1956లో స్థాపించబడినది. ఆదోని నుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు, ఎమ్మిగనూరు నుండి సుమారు 65. బళ్ళారి, రాయచూరు ఆదోనికి అంతకంటె దగ్గర, కానీ వేరే రాష్ట్రంలోనివి. ఒక రక్తపరీక్ష, దాని ఫలితం చూపించుకోవడం, మందు మార్పు - ఈ మూడింటికి మూడుసార్లు ప్రయాణం చేయాలంటే రోజుకూలితో బ్రతికేవారికి మూడు రోజుల కూలి, ఛార్జీలు పోతాయి. ఆ ఖర్చు భరించలేనివారు మందుల దుకాణానికి వెళ్ళి స్నేహితులు చెప్పిన పేరు అడుగుతారు, లేక ఆర్.ఎం.పి. వైద్యునిచేత ఇంజెక్షను వేయించుకొంటారు. దీనికి ఒక మధ్యేమార్గం ఉన్నది. చికిత్స మొదలుపెట్టడం, మోతాదు నిర్ణయించడం నగరంలోని నిపుణుని వద్ద జరిగితే, తరువాతి సాధారణ రక్తపరీక్షలు, రక్తపోటు చూడడం ఆదోని, ఎమ్మిగనూరులలోనే చేయించుకొని ఫలితాలను నిపుణునికి ఫోను ద్వారా పంపవచ్చు. దూరవైద్యానికి కేంద్ర ప్రభుత్వం 2020లో మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఈ ప్రాంతపు జీవన విధానానికి సంబంధించిన మరొక చిక్కు సుగ్గి వలస. వర్షాధారపు పంటలు ముగిశాక ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం పరిసర గ్రామాలనుండి వేలాదిమంది గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళి, పొలాల పక్కన గుడారాలు వేసుకొని నెలల తరబడి ఉంటారు. మూడు నెలలకొకసారి చేయించవలసిన పరీక్ష సరిగ్గా ఈ కాలంలో తప్పిపోతుంది. మందు మధ్యలో అయిపోతే, కొందరు తిరిగి వచ్చాక పోయిన కాలాన్ని పూడ్చాలని రెట్టింపు వేసుకొంటారు. అది తప్పు. కొద్ది వారాలు మందు తప్పితే ప్రాణాపాయం ఉండదు, మార్పులు కొంత మందగిస్తాయి, అంతే. రెట్టింపు మోతాదుతోనే ప్రమాదం. ఒక మినహాయింపు: వృషణాలు లేక అండాశయాలు తొలగించినవారు నెలల తరబడి హార్మోను మానడం ఎముకలకు మంచిది కాదు. వలసకు వెళ్ళేముందే మూడు, నాలుగు నెలలకు సరిపడే మందు వ్రాయించుకోవడం వీరికి తప్పనిసరి.

ఎండ కూడా లెక్కలోకి తీసుకోవలసినదే. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. స్పైరనోలాక్టోన్ వాడేవారికి మూత్రం ఎక్కువై, చెమటతో కలిసి ఒంట్లో నీరు తగ్గి, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. మరుగుదొడ్డి సమస్య వలన నీళ్ళు తాగడం తగ్గించుకొనే అలవాటు ట్రాన్స్ మహిళలలో ఉన్నది. పురుషుల దానికి వెళ్ళలేరు, స్త్రీల దానిలోకి రానివ్వరు. నీరు తగ్గడం మూత్రపిండాలపై, తద్వారా పొటాషియంపై ప్రభావం చూపుతుంది. మజ్జిగ, నీరు తరచుగా తాగాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ కాబట్టి స్పైరనోలాక్టోన్ వాడేవారు రోజూ అదే పనిగా తాగకూడదు. సోడియం తగ్గించిన ఉప్పు పొట్లాలలో కూడా పొటాషియమే ఉంటుంది.

రహస్య శస్త్రచికిత్సలు

రాయలసీమ జిల్లాలలో నిర్వాణం చాలాకాలం రహస్యంగా జరిగింది. తమిళ రచయిత్రి, నటి లివింగ్ స్మైల్ విద్య తన ఆత్మకథలో కడపలో జరిగిన తన నిర్వాణాన్ని వివరించింది. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులోని ఒక లాడ్జిలో ఇద్దరు ఫార్మసీ విద్యార్థులు చేసిన శస్త్రచికిత్సవలన ప్రకాశం జిల్లాకు చెందిన ఒక యువ వ్యక్తి అధిక రక్తస్రావంతో మరణించిన సంఘటన సంచలనం కలిగించింది. అంతర్జాలంలో చూచి నేర్చుకొన్న పద్ధతిలో వారు ఆ పనికి పూనుకొన్నారని పత్రికలు వ్రాశాయి. హార్మోను చికిత్స అందుబాటులో ఉన్నచోట ఇటువంటి తొందరపాటుకు కొంతైనా అడ్డు పడుతుంది. శస్త్రచికిత్సకు ముందు కనీసం కొన్ని నెలలు హార్మోనులు వాడి చూడడం వలన, ఆ వ్యక్తికి తాను కోరుకొన్న మార్పు ఏదో స్పష్టమవుతుంది.

చట్టం, ప్రభుత్వ సదుపాయాలు

2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు, తన లింగాన్ని తాను నిర్ణయించుకొనే హక్కు వ్యక్తికి ఉన్నదని, దానికి శస్త్రచికిత్సను షరతుగా పెట్టడం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. 2019లో చేయబడి 2020 జనవరి 10న అమలులోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, తన 15వ విభాగంలో హార్మోను చికిత్స, శస్త్రచికిత్స, వాటికి ముందు వెనుక సలహాలు, ఆరోగ్య బీమా ప్రభుత్వాల బాధ్యత అని పేర్కొన్నది. కేంద్ర ఆరోగ్య సంస్థ, సామాజిక న్యాయ శాఖల మధ్య 2022 ఆగస్టు 24న కుదిరిన ఒప్పందంతో సంవత్సరానికి రూ.5 లక్షల వరకు బీమా ప్రకటించబడినది. ప్రకటనకు, పల్లెలో మందు అందడానికి మధ్య ఉన్న దూరం ఎక్కువే. అదే సంవత్సరం జాతీయ వైద్య కమిషను, లింగ గుర్తింపును మార్చేస్తామని చేసే చికిత్సలను వైద్యుల దుష్ప్రవర్తనగా ప్రకటించింది. బలవంతంగా అటువంటి చోటికి తీసుకొనిపోబడే పిల్లలకు ఇది ముఖ్యమైనది.

ఆంధ్ర ప్రదేశ్ మంత్రివర్గం 2017 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ విధానాన్ని ఆమోదించి, నెలకు రూ.1,500 పింఛను ప్రకటించింది. 2024 జూలైనుండి ఆ మొత్తం రూ.4,000 అయినది. తమిళనాడు 2008లోనే సంక్షేమ బోర్డును ఏర్పరచి, ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా శస్త్రచికిత్సలు మొదలుపెట్టింది.

హైదరాబాదులోని నారాయణగూడలో 2021 జనవరిలో మిత్ర్ అనే క్లినిక్ ప్రారంభమైనది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే ఎక్కువగా నడిపిన ఈ క్లినిక్‌లో హార్మోను చికిత్సపై సలహా, మానసిక ఆరోగ్య సేవలు, హెచ్.ఐ.వి. పరీక్షలు ఒకేచోట లభించేవి. అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది. తరువాత అదే సంవత్సరం టాటా ట్రస్టుల సహాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో తిరిగి తెరవబడినది. ఇక్కడ పనిచేసిన డాక్టర్ ప్రాచీ రాథోడ్, మరొక ట్రాన్స్ మహిళ డాక్టర్ రూత్ జాన్ పాల్ 2022 చివరలో ఉస్మానియా సార్వజనిక ఆసుపత్రి ఏ.ఆర్.టి. కేంద్రంలో వైద్యాధికారులుగా చేరి, తెలంగాణ ప్రభుత్వ సేవలో ప్రవేశించిన తొలి ట్రాన్స్‌జెండర్ వైద్యులైనారు. కర్నూలు నుండి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. ఆదోని, ఎమ్మిగనూరు వాసులు మొదటి సంప్రదింపు కోసం హైదరాబాదు లేక బెంగళూరు వెళ్ళవలసి వచ్చినపుడు పాత రక్తపరీక్షల కాగితాలు, అంతవరకు వాడిన మాత్రల ఖాళీ అట్టలు వెంట తీసుకొని వెళ్ళాలి. మందు పేరు గుర్తులేకపోయినా, అట్టను చూచి వైద్యుడు మోతాదును లెక్క కట్టగలడు.